మోడల్ ఏ ఫోర్డ్ ఇంజన్‌ని హాట్ రాడ్‌కి తయారు చెయ్యడం ఎలా: ముందు కింద సంగతి, తర్వాతే పైన హంగులు

హాట్ రాడ్ (పాత బండిని స్పీడు కోసం మార్చి కట్టుకున్నది) అనగానే అందరికీ ఎనిమిది సిలిండర్ల ఫోర్డ్ వి8 గుర్తొస్తుంది. అది వచ్చింది 1932లో. కానీ కాలిఫోర్నియాలో మురాక్ అనే ఎండిపోయిన సరస్సు మీద కుర్రాళ్ళు స్పీడు పందేలు మొదలుపెట్టింది నాలుగు సిలిండర్ల ఫోర్డులతోనే, వి8 వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్ళపాటు వాటిని ఎవరూ పక్కన పడెయ్యలేదు, ఎందుకంటే చవక, పైగా చేతిలో పనితనం ఉన్నోడు తయారు చేసిన నాలుగు సిలిండర్ల బండి షోరూమ్ నుంచి వచ్చిన వి8ని వెనకేసేది. వాటిని ముద్దుగా బ్యాంగర్ అంటారు. అలాంటి మోడల్ ఏ ఇంజన్‌నే ఆ కాలం పద్ధతిలో ఇప్పుడు ఎలా కట్టాలో చెప్తాను. నేను ఉండేది ఒహాయోలో, పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి గ్యారేజీలో గ్రీజు. చిన్నప్పుడు సెలవులకి విజయవాడ ఆటోనగర్‌లో బాబాయి లేత్ షాపులో కూర్చునేవాణ్ణి, ఆ పిచ్చి అక్కడ అంటుకుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, మిగతాదంతా దాని నుంచే అర్థమవుద్ది. మొదటి ఇంజన్ కొన్నప్పుడు అది స్టార్ట్ అయ్యేది, పొగ లేదు, చప్పుడు బానే ఉంది. ఇంకేముంది అని హై కంప్రెషన్ హెడ్ (సిలిండర్ల మీద మూత) బిగించి, రెండు కార్బురేటర్లు పెట్టి, సైలెన్సర్ తీసేసి రోడ్డెక్కాను. మూడో వారం కింద నుంచి టక టక టక అని చప్పుడు. ఆయిల్ పాన్ విప్పి చూస్తే నూనెలో బూడిద రంగు రేకులు, మిఠాయి మీద అంటించే వెండి రేకు నలిపినట్టు. అయస్కాంతం పెట్టి చూశా, అంటుకోలేదు. అంటే ఇనుము కాదు, బేరింగ్‌లో పోసిన బాబిట్ మెటల్ రాలిపోయింది. పైన ఎంత పెట్టినా కింద తట్టుకోవాలి కదా, ఆ బుద్ధి నాకు లేదు. అందుకే నా ఆర్డర్ ఇది: ముందు కింద (అంటే పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే క్రాంక్, దాని బేరింగులు), తర్వాత నూనె, తర్వాత నీళ్ళు, పవర్ అన్నిటికన్నా చివర.

ఏ ఇంజన్ తీసుకోవాలి

మోడల్ ఏ ఇంజన్ 1928 నుంచి 1931 వరకు బళ్ళలో వచ్చింది. బోరు (సిలిండర్ వెడల్పు) 3.875 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4.25 అంగుళాలు, మొత్తం 200.5 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 3.3 లీటర్లు. కంప్రెషన్ (సిలిండర్‌లోకి వచ్చింది ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో) 4.22, పవర్ 2200 ఆర్‌పీఎం దగ్గర 40 హార్స్‌పవర్. మన ఆల్టో 800 సీసీతో ఇంతకన్నా ఎక్కువ ఇస్తుంది, నవ్వకండి, ఆ కాలం పెట్రోలుకి అంతే కుదిరేది. ఇలాంటి బళ్ళు దాదాపు 48 లక్షలు తయారయ్యాయి కాబట్టి పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, కొత్తవి కూడా చేస్తున్నారు.

1932లో వచ్చిన మోడల్ బి ఇంజన్ దీనికి అన్నయ్య లాంటిది. కొలతలు అవే కానీ 50 హార్స్‌పవర్, కంప్రెషన్ 4.6, క్రాంక్ లావు. మోడల్ ఏ ఇంజన్‌లో మెయిన్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) 1.625 అంగుళాలైతే బిలో 2 అంగుళాలు, రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) జర్నల్ 1.5 నుంచి 1.875కి పెరిగింది. ఇంకా పెద్ద తేడా ఏంటంటే బిలో మెయిన్ బేరింగ్‌లకి నూనె ప్రెషర్‌తో వస్తుంది, ఏలో పంపు నూనెని వాల్వ్ చాంబర్‌లోకి ఎత్తి పోస్తే అక్కడి నుంచి తన బరువుతో కిందకి జారుతుంది. డబ్బులుంటే బి తీసుకోండి. నాకు లేవు, ఏతోనే కట్టా, ఇక్కడ చెప్పేది దాని గురించే.

కొనేటప్పుడు బ్లాకులో చూడాల్సింది పగుళ్ళు. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు చుట్టూ, సీటుకీ సిలిండర్‌కీ మధ్య సన్నగా వెంట్రుక లాగా ఉంటాయి. ఇక్కడ చలిదేశం కాబట్టి పక్కన వాటర్ జాకెట్ మీద కూడా చూడాలి, ఎవడో ఎప్పుడో నీళ్ళు తియ్యకుండా వదిలేస్తే గడ్డకట్టి గోడ పగిలుంటుంది. కంటికి కనపడలేదని నమ్మొద్దు, షాపులో అయస్కాంతం, ఇనప పొడి పెట్టి చేసే పరీక్ష ఉంటుంది, అది అయ్యాకే మిగతా ఖర్చు. ఇంకోటి, బ్లాకు ఎడమ పక్కన చదునుగా ఉన్న చోట కొట్టిన నంబరే ఆ బండికి సీరియల్ నంబరు, బండి కాగితాలన్నీ దాని మీదే నడుస్తాయి. శుభ్రం చేస్తున్నాం కదా అని దాన్ని గ్రైండ్ చేసేశారో, ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

విప్పడం, కడగడం

విప్పేటప్పుడు ఏ వాల్వు ఏ రంధ్రంలోది, ఏ రాడ్డు ఏ సిలిండర్‌ది, ఏ బేరింగ్ క్యాప్ ఎటు తిరిగుంది అన్నీ గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటోలు తీస్తే సరిపోద్ది. తొంభై ఏళ్ళ స్టడ్డులు కదా, బలం పెట్టి తిప్పితే విరుగుతాయి. వేడి చెయ్యండి, నూనె వెయ్యండి, ముందుకి కొంచెం వెనక్కి కొంచెం ఆడించండి, రాకపోతే రేపు చూడండి.

కడగడం అంటే పైపైన కాదు. వాటర్ జాకెట్‌లో తుప్పు మట్టి అంతా వెనక్కి, నాలుగో సిలిండర్ దగ్గరికి చేరి గట్టి పడుంటుంది. షాపు వాళ్ళు వేడి ట్యాంకులో ఉడికించి ఇచ్చిన తర్వాత కూడా నేను సైకిల్ స్పోక్ ఒకటి వంచి నీళ్ళ రంధ్రాల్లోంచి గెలికితే దోసెడు ఎర్రమట్టి వచ్చింది, చెరువులో పూడిక తీసినట్టు. ఇది వదిలేసి తర్వాత ఇంజన్ వేడెక్కుతుంది అని కొత్త రేడియేటర్లు కొనేవాళ్ళని చాలామందిని చూశా.

మెషిన్ షాపులో చేయించాల్సినవి

బోరు కొట్టించడం మామూలే. 80 థౌ ఓవర్‌సైజు కొడితే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 80, బోరు 3.955 అవుద్ది, ఇంజన్ దాదాపు 209 క్యూబిక్ అంగుళాలు అవుద్ది. ఇంకా పైకి వెళ్ళేముందు గోడ మందం కొలిపించుకోండి. ఎగ్జాస్ట్‌కి గట్టి సీట్లు వేయించండి.

అసలు విషయం క్రాంక్. మోడల్ ఏ ఇంజన్ క్రాంక్‌కి కౌంటర్‌వెయిట్లు (సమతూకం కోసం పెట్టే బరువులు) ఉండవు, ఉన్నవి మూడే మెయిన్ బేరింగులు, స్పీడు పెరిగేకొద్దీ క్రాంక్ వంగి వంగి మధ్య బేరింగ్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. స్టాక్‌గా 2200కి కట్టిన ఇంజన్‌ని మనం 3000 దాటిస్తాం కాబట్టి కౌంటర్‌వెయిట్లు కావాలి. పాత క్రాంక్‌కే వెల్డింగ్ చేయించొచ్చు, లేదా కౌంటర్‌వెయిట్లతో కొత్తగా చేసిన క్రాంక్ కొనొచ్చు. ఏదైనా సరే బ్యాలెన్సింగ్ తప్పనిసరి. పిస్టన్లు, రాడ్లు ఒక్కో సెట్టు గ్రాము తేడా లేకుండా తూగాలి, నేను మా ఆవిడ వంటింటి త్రాసు తెచ్చి తూచా, ఆ తర్వాత ఆ త్రాసు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

బాబిట్ పోయించాలా, ఇన్సర్ట్ బేరింగులకి (రెడీగా చేసి వచ్చే విడి పెంకులు) మార్పించాలా అని అందరూ అడుగుతారు. బాబిట్ అంటే తగరం ఎక్కువగా ఉండే మెత్తని లోహం, కరిగించి బేరింగ్ చోటులో పోసి తర్వాత బోరు చేస్తారు, మన ఊళ్ళో పాత ఆయిల్ ఇంజన్లకి వైట్ మెటల్ పోసేవాళ్ళే అదే. బాగా పోసిన బాబిట్ మామూలు రోడ్డు బండికి ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ బాగా పోసేవాళ్ళు తగ్గిపోయారు, అది అసలు సమస్య. మీ దగ్గర్లో పేరున్న మనిషి ఉంటే పోయించండి, లేకపోతే ఇన్సర్ట్. అంతేగానీ "నేను కూడా పోస్తాను" అనే షాపులో ఇవ్వకండి, నా రెండో ఇంజన్ అలాగే ఒక చోట ఇచ్చి ఐదు నెలలు తిరిగి, చివరికి మళ్ళీ వేరే చోట పోయించుకున్నా.

ఫ్లైవీల్ స్టాక్‌ది 63 పౌండ్లు, అంటే దాదాపు 28.5 కిలోలు, రుబ్బురోలు లాంటిది. దాన్ని 40 పౌండ్ల దాకా కోయిస్తే ఇంజన్ యాక్సిలరేటర్‌కి చురుగ్గా లేస్తుంది. అంతకన్నా కోసేద్దాం అనుకోకండి, అది పోత ఇనుము, స్పీడులో పగిలితే కాళ్ళ దగ్గరే.

కింద భాగం బిగించడం

ఇక్కడ తొందర వద్దు. బేరింగ్ క్యాపులకి, బ్లాకుకి మధ్య పల్చటి రేకుల షిమ్‌లు ఉంటాయి, ఒక్కో పొర తీస్తూ గ్యాప్ తగ్గించాలి. మెయిన్‌లకీ రాడ్‌లకీ ఒక థౌ నుంచి ఒకటిన్నర థౌ గ్యాప్ చాలు. ప్లాస్టిగేజ్ అని మెత్తటి దారంలాంటిది దొరుకుతుంది, జర్నల్ మీద పెట్టి క్యాప్ బిగించి విప్పితే ఎంత వెడల్పు నలిగిందో చూసి గ్యాప్ చెప్పొచ్చు. ఒక్కో క్యాప్ బిగించిన ప్రతిసారీ క్రాంక్ చేత్తో తిప్పి చూడండి. పట్టేస్తే ఏ క్యాప్‌తో పట్టేసిందో అప్పుడే తెలుస్తుంది, అన్నీ బిగించాక వెతికితే రాత్రంతా అక్కడే.

పిస్టన్ రింగుల గ్యాప్ బోరులో ఒక్కో అంగుళానికి 4 థౌ లెక్క, అంటే మన 3.955 బోరుకి దాదాపు 16 థౌ.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటు. మోడల్ ఏ ఇంజన్‌లో రాడ్‌లకి పంపు నూనె వెళ్ళదు. రాడ్ క్యాప్ కింద చిన్న గరిటె లాంటి డిప్పర్ ఉంటుంది, పాన్‌లో ఉన్న తొట్టెలోంచి అది నూనె తోడుకుంటుంది. ఆ గరిటె నోరు క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని లేపే ఇరుసు) వైపు ఉండాలి, ఎందుకంటే ముందు నుంచి చూస్తే ఇంజన్ గడియారం ముల్లులా తిరుగుతుంది, కింద ఉన్నప్పుడు రాడ్ క్యామ్ వైపుకే వెళ్తుంది. తిప్పి బిగిస్తే నూనెని గరిటె వీపుతో కొడుతుంది, తోడదు. బిగించాక కింద పడుకుని టార్చి వేసి నాలుగూ ఒకేవైపు చూస్తున్నాయో లేదో చూసుకోండి. నట్లకి స్ప్లిట్ పిన్నులు వెయ్యడం మర్చిపోకండి, రాడ్ నట్టు ఒక్కటి ఊడినా రాడ్డు బ్లాకు పక్కనుంచి బయటికొస్తుంది.

క్యామ్, వాల్వులు

1930ల్లో ఈ ఇంజన్లకి క్యామ్ అంటే ఎడ్ విన్‌ఫీల్డ్ పేరే చెప్పేవాళ్ళు, హెడ్లు, కార్బురేటర్లు కూడా ఆయన చేశాడు. ఇప్పుడు అలాంటి గ్రైండింగ్ చేసి ఇచ్చేవాళ్ళున్నారు. రోడ్డు బండికి మైల్డ్ గ్రైండ్ తీసుకోండి. పెద్ద క్యామ్ వేస్తే స్లోలో గుర్రంలా ఎగురుతుంది, వినడానికి బావుంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ఏడుపొస్తుంది.

స్టాక్ వాల్వులకి కాడ చివర పుట్టగొడుగు లాగా ఉంటుంది, గైడు రెండు ముక్కలు, గ్యాప్ పెట్టాలంటే కాడ అరగదియ్యాలి. ఆ తలనొప్పి వద్దు, మామూలు కాడ ఉన్న వాల్వులు, అడ్జస్ట్ చేసే ట్యాపెట్లు (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే ముక్కలు) వెయ్యండి. గ్యాప్ క్యామ్‌తో వచ్చిన కార్డులో ఉన్నంత, స్టాక్ లాంటి క్యామ్ అయితే ఇంటేక్ 13 థౌ, ఎగ్జాస్ట్ 15 థౌ చుట్టూ పెడతారు. బిగుతుగా పెట్టిన ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది, వదులైతే టిక్ టిక్ అంటుంది, టిక్ టిక్ నయం.

హెడ్

కంప్రెషన్ లెక్క మీరే వేసుకోవచ్చు. స్టాక్ బోరులో ఒక్కో సిలిండర్ 821 సీసీ. కంప్రెషన్ 4.22 అంటే పైన ఖాళీ 255 సీసీ. 6 కావాలంటే అది 164కి దిగాలి. 80 థౌ బోరు కొట్టించాం కాబట్టి సిలిండర్ 855 సీసీ అయింది, 6కి 171 సీసీ చాలు, అంటే బోరు పెంచినందుకే కంప్రెషన్ కొంచెం ఊరికే వచ్చింది. హెడ్ తిరగేసి, అద్దం లాంటి ప్లాస్టిక్ పలక పెట్టి, దాని రంధ్రంలోంచి సిరంజితో కిరోసిన్ పోస్తూ కొలవండి, గ్యాస్కెట్ మందంలో పట్టేది కూడా కలుపుకోండి. నాలుగూ ఒకేలా రావాలి.

బాబిట్ ఉంటే 5.5 దగ్గర ఆగండి, కౌంటర్‌వెయిట్ క్రాంక్, కొత్త బేరింగులు ఉంటే 6. రైలీ, క్రాగర్ అని ఆ కాలంలో ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్లు (వాల్వులు హెడ్‌లోనే ఉండేవి) కూడా వచ్చాయి, చూస్తే కళ్ళు చెదురుతాయి, ధర విన్నా అంతే. మొదటి ఇంజన్‌కి వద్దు.

హెడ్ బిగించేముందు వాల్వుల మీద, పిస్టన్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, హెడ్ పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి తీసి చూడండి, ముద్ద ఎక్కడ పల్చబడిందో అక్కడ తగిలే ప్రమాదం ఉంది. పెద్ద క్యామ్, పల్చటి హెడ్ కలిస్తే వాల్వు హెడ్‌కి గుద్దుకుంటుంది. ఇనప హెడ్‌కి నట్లు 55 ఫుట్ పౌండ్లు, మధ్యలోంచి బయటికి, మూడు విడతల్లో.

కార్బురేటర్

ఈ ఇంజన్‌కి ఇంటేక్ పోర్టులు రెండే. ఒకటి రెండు సిలిండర్లకి ఒకటి, మూడు నాలుగుకి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-2-4-3. అంటే ఒకటి పీల్చగానే అదే దారిలో రెండు పీలుస్తుంది, తర్వాత ఆ దారి కాసేపు ఖాళీ, అవతల నాలుగు, మూడు ఒకదాని వెనక ఒకటి. ఒకే గిన్నెలో ఇద్దరు తింటే రెండోవాడికి ఎంత మిగులుద్దో అదీ సంగతి. అందుకే రెండు కార్బురేటర్లు పెట్టినా మధ్యలో కలిపే పైపు ఉన్న మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి పోర్టులకి వెళ్ళే గొట్టం) చూసుకోండి.

నన్నడిగితే రోడ్డుకి ఒక్క స్ట్రాంబర్గ్ 97 చాలు. 97 అంటే దాని గొంతు 0.97 అంగుళం, 81 అంటే 0.81. జత పెట్టాలనే కోరిక ఉంటే రెండు 81లు పెట్టండి. స్టాక్ కార్బురేటర్ కింద నుంచి పైకి పీల్చేది, ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందు ఎత్తులో ఉండేది, పెట్రోలు దానంతటదే జారేది. స్ట్రాంబర్గ్ ఇంజన్ పైన కూర్చుంటుంది కాబట్టి ఆ జారుడు చాలదు, పంపు కావాలి. కానీ ప్రెషర్ 2.5 పీఎస్‌ఐ దాటకూడదు, రెగ్యులేటర్ పెట్టండి. దాటితే నీడిల్ ఆపలేదు, పెట్రోలు పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. మంటలార్పే సిలిండర్ గ్యారేజీలో పెట్టుకుని పని చెయ్యండి, ఇది జోక్ కాదు.

ఫ్లోట్ లెవెల్ 15/32 అంగుళం. స్లో స్క్రూలు ఒక చుట్టు విప్పి మొదలుపెట్టండి. రెండు కార్బురేటర్లుంటే ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండో కొస ఒక్కోదాని మూతి దగ్గర పెట్టి వినండి, రెండూ ఒకే సుయ్ మనేదాకా అడ్జస్ట్ చెయ్యాలి.

కరెంటు, టైమింగ్

ముందు టైమింగ్ కవర్‌లో ఒక పిన్ను స్క్రూ చేసి ఉంటుంది. దాన్ని విప్పి తిరగేసి గుండ్రటి కొస లోపలికి పెట్టి వేలితో నొక్కి ఉంచి, ఇంకో చేత్తో హ్యాండిల్ మెల్లగా తిప్పండి. క్యామ్ గేరులో ఉన్న గుంటలో పిన్ను టక్కున పడుతుంది, వేలికి తెలుస్తుంది. అదే ఒకటో సిలిండర్ టాప్. ఇప్పుడు స్టీరింగ్ దగ్గర ఎడమ లివర్ పూర్తిగా పైకి, అంటే రిటార్డ్‌లో (ప్లగ్గు నిప్పు ఆలస్యంగా వచ్చేలా) పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌లో క్యామ్ స్క్రూ వదులు చేసి, రోటరు ఒకటో కాంటాక్ట్ వైపు, పాయింట్లు (కరెంటుని తెంచి కలిపే స్విచ్చు) అప్పుడే విడివడబోయేలా తిప్పి బిగించండి. పాయింట్ల గ్యాప్ ముందే 20 థౌ చుట్టూ పెట్టుకుని ఉండాలి, ప్లగ్గుల గ్యాప్ 35 థౌ. పిన్ను మళ్ళీ తిరగేసి బిగించడం మర్చిపోతే గేరు పని అయిపోయినట్టే.

హై కంప్రెషన్ ఇంజన్‌కి లివర్‌తో అడ్వాన్స్ (నిప్పు ముందుగా వచ్చేలా) ఇచ్చుకుంటూ తోలడం కష్టం, ఆటోమేటిక్ అడ్వాన్స్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ మంచిది. మొత్తం అడ్వాన్స్ 28 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్ళ డబ్బా ఊపినట్టు చప్పుడొస్తే రెండేసి డిగ్రీలు తగ్గించండి. ఆ చప్పుడు విని కూడా తోలితే బేరింగ్ పోతుంది. లివరే ఉంచుకున్నవాళ్ళు హ్యాండిల్ కొట్టేముందు అది పైకే ఉందో లేదో చూసుకోండి, కిందకి ఉండి కొడితే వెనక్కి తన్ని మణికట్టు విరుగుద్ది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకండి.

మొదటి స్టార్ట్

పాన్‌లో 5 క్వార్ట్‌లు, అంటే 4.7 లీటర్ల నూనె. స్టార్ట్ చేసేముందు వాల్వ్ చాంబర్‌లో కూడా నూనె పొయ్యాలి, లేకపోతే పంపు దాన్ని నింపేదాకా మెయిన్ బేరింగులు ఎండుగా తిరుగుతాయి. స్టార్ట్ అయ్యాక ప్రెషర్ గేజ్ పెట్టినవాళ్ళు మూడో నాలుగో పీఎస్‌ఐ చూసి కంగారు పడతారు, మోడల్ ఏ ఇంజన్‌కి అంతే వస్తుంది. వెనక మెయిన్‌కి సీల్ లేదు కాబట్టి కింద చుక్కలు పడతాయి, పక్కింటి పెద్దాయన అన్నట్టు చుక్క పడకపోతే లోపల నూనె అయిపోయిందేమో చూసుకోవాలి.

ఇరవై నిమిషాలు నడిపి ఆపి, పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ 55కి. వంద మైళ్ళకి ఇంకోసారి. మొదటి నూనె కూడా అప్పుడే మార్చెయ్యండి. ప్లగ్గులు తీసి చూడండి: లేత ఇటుక రంగు అయితే బావుంది, మసి అయితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, తెల్లగా ఉన్నది ఎక్కువ ప్రమాదం.

రోడ్డెక్కేముందు బ్రేకులు. మోడల్ ఏవి రాడ్లతో లాగే బ్రేకులు, ఫోర్డ్ హైడ్రాలిక్ ఇచ్చింది 1939లో. పాత కాలం కుర్రాళ్ళు కూడా అవి తెచ్చి వీటికి బిగించుకునేవాళ్ళు, కాబట్టి సంప్రదాయానికి లోటేం లేదు, మార్చేసుకోండి.

500 మైళ్ళ తర్వాత పాన్ ఒకసారి దించండి. బద్ధకించొద్దు, గ్యాస్కెట్ ఖర్చే. అడుగున నూనెని వేళ్ళ మధ్య రుద్ది, ఎండలో పట్టి చూడండి, వెండి మెరుపు ఉందా లేదా. తర్వాత రాడ్ క్యాపులు ఒక్కోటి పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. ఆడితే ఒక షిమ్ తీసి మళ్ళీ ప్లాస్టిగేజ్ పెట్టండి. నా ఇప్పటి ఇంజన్‌లో మూడో రాడ్డుకి ఒక్క రేకు తీశాను, మిగతా మూడూ ముట్టుకోలేదు.